‘ఫిషింగ్ ఇన్ ట్రబుల్డ్ వాటర్స్’ అంటే ‘ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట’ అన్నట్టేనా?

కాదండీ. చుట్టవాడికి ఎదుటివాడి ఏడుపు పట్టదు, అంతవరకే. ఈ ఇంగ్లీషు మాటలో గందరగోళమే పెట్టుబడి. ‘సందట్లో సడేమియా’ దీనికి దగ్గరగా ఉంటుంది కానీ అందులో ఇంత దుర్మార్గం లేదు.

చిన్నప్పుడు ఎండాకాలం చెరువు అడుగంటితే పిల్లలమంతా దిగి కాళ్ళతో బురద కలగదొక్కేవాళ్ళం. చేపలు ఊపిరాడక పైకి తేలి, నోళ్ళు తెరుచుకుని చేతికి అందేవి. ఈ పోలిక చాలా పాతది. క్రీ.పూ. 424లో ఏథెన్స్‌లో ఆడిన ఒక హాస్యనాటకంలో ఓ నాయకుణ్ణి మలుగుపాములు పట్టేవాళ్ళతో పోలుస్తారు: నిలకడ నీళ్ళలో ఏమీ పడవు, బురద కలిపితేనే పంట, నువ్వూ ఊరిని కలగబెట్టే సంపాదిస్తున్నావని.

దీని అర్థం నాకు ఒంటికి పట్టింది మాత్రం 2024 సెప్టెంబరులో. మాది విజయవాడ సింగ్ నగర్. 1వ తేదీ ఆదివారం బుడమేరు వాగు పొంగి వీధిలోకి వచ్చేసింది. కింద వాటా మునిగింది. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. నాన్నగారి ఇన్సులిన్ సీసాని మూత బిగించి కుండలో నీళ్ళ మీద తేలేశాం. నీళ్ళు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో తెలియాలని మెట్టు మీద సుద్దముక్కతో గీత గీశాను.

మర్నాడు ఓ ప్రైవేటు పడవ వచ్చింది. ఫ్లైఓవర్ దాకా దింపడానికి మనిషికి 1500 అన్నాడు. అన్యాయమే, కానీ పెట్రోలుంది, ప్రమాదముంది, సరే అనుకోవచ్చు. జనం బేరాలాడుతుంటే గొంతు పెంచి, “బుడమేరుకి ఇంకో గండి పడింది, రాత్రికి పైవాటాలు కూడా మునుగుతాయి” అన్నాడు. నిజమో కాదో ఎవరిని అడగాలి? ఐదు నిమిషాల్లో రేటు 3000 అయింది. పక్కింటివాళ్ళు వణుకుతూ లెక్కపెట్టి ఇచ్చారు. మా ఇంట్లో ఉన్న నగదు మొత్తం 800. ఉండిపోయాం. రాత్రంతా టార్చి వేసి మెట్టు చూస్తూ కూర్చున్నా.

తెల్లారింది. నీళ్ళు గీత దగ్గరే ఉన్నాయి.

ఆ పొద్దున సర్కారు పంపిన పడవలో సముద్రం వైపు నుంచి వచ్చిన జాలర్లు నాన్నని భుజాల మీద ఎత్తి ఎక్కించుకున్నారు. ఆ 800 ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

1500 అడగడాన్ని ‘శవాల మీద పేలాలు ఏరుకోవడం’ అనండి, సరిపోతుంది. ఆ గండి అబద్ధానికే ఈ ఇంగ్లీషు మాట. అనువాదం చేస్తుంటే ‘కలక నీళ్ళలో చేపలు పట్టడం’ అని నేరుగా రాసేయండి, మనవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. ఫ్లైఓవర్ మీద కూర్చున్నాక గీత సంగతి చెబితే నాన్న అన్న మాట కూడా అదే: “ఉన్న కలక చాల్లేదట్రా వాడికి?”