చైనా వెళ్తున్న అక్క కూతురికి: ముందు 'ఛి' నేర్చుకో

చిరంజీవి బంగారుతల్లికి, పిన్ని ఆశీస్సులు.

ఎంబీబీఎస్‌కి వూహాన్ వెళ్లడానికి నీకు వీసా వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసిన రోజు నుంచీ నీకు ఈ ఉత్తరం రాయాలనే ఉంది. పచ్చళ్లు, పొడులు, స్వెట్టర్ల సంగతి అక్క చూసుకుంటుంది. నేను వూహాన్‌లో ఎంబీబీఎస్ చదివిన ఆరేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చిన ఒక్క అక్షరం గురించి మాత్రం నేనే చెప్పాలి.

రోజుకు ఇరవై చైనీస్ అక్షరాలు బట్టీ పడుతున్నానని మొన్న చెప్పావు. ఆ లెక్క కొన్నాళ్లు పక్కన పెట్టు. ఒక వారం పాటు 'తినడం' అనే అర్థమున్న 'ఛి' ఒక్కటే పట్టుకుని కూర్చో. క్లాసులు ఇంగ్లీషులోనే జరుగుతాయి, నిజమే. కానీ వార్డులోకి అడుగుపెట్టాక మంచం మీదున్న ముసలావిడకి ఇంగ్లీషు రాదు. ఆవిడ ఆకలి, మందులు, ఉపవాసం అన్నీ ఈ అక్షరం చుట్టూనే తిరుగుతాయి.

ముందు రాయడం. ఎడమవైపు చిన్న చతురస్రం, అది నోరు. మూడు గీతలు: ఎడమ నిలువు గీత, పైనుంచి కుడికి వచ్చి కిందికి మడిచే గీత, చివరగా అడుగు మూసే గీత. కుడివైపు భాగానికి విడిగా 'అడుక్కోవడం' అని అర్థం. అదీ మూడు గీతలే: ఒక ఏటవాలు గీత, ఒక అడ్డగీత, చివర వంకర తిరిగి పైకి కొక్కెంలా లేచే గీత. మొత్తం ఆరు. కొత్తవాళ్లు కుడివైపున ఇంకో అడ్డగీత చేరుస్తారు. అప్పుడది 'గాలి, ఆవిరి' అనే వేరే అక్షరపు ముక్క అయిపోతుంది. నీ నోట్‌బుక్‌లో ఈ తప్పు ఉందేమో ఇవాళే చూసుకో.

'అడుక్కునే నోరు కాబట్టి తినడం' అని కొందరు టీచర్లు కథ చెప్తారు. గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది, వాడుకో. కానీ అసలు సంగతి వేరు. కుడివైపు ముక్క అక్కడ ఉన్నది శబ్దం కోసం. క్రీ.శ. 100 ప్రాంతంలో షు షెన్ అనే చైనా పండితుడు పూర్తిచేసిన నిఘంటువులో ఈ అక్షరానికి ఇచ్చిన అర్థం మాట తడబడటం, అంటే నత్తి. తినడానికి అప్పట్లో 'షి' అనే వేరే అక్షరం ఉండేది. ఇప్పటికీ దక్షిణ చైనా వైపు భాష క్యాంటనీస్ మాట్లాడేవాళ్లు తినడానికి ఆ పాతదే వాడుతారు. ఆ నత్తి అర్థం ఎక్కడికీ పోలేదు. 'ఖౌఛి' అంటే నేటికీ నత్తే. న్యూరాలజీ వార్డులో ఈ మాట నీకు ఎదురవుతుంది. అప్పుడు ఏం తిన్నారా అని వెతుక్కోకు.

ఇక పలకడం. ఇక్కడే మన తెలుగువాళ్లం ఎక్కువ ఇబ్బంది పడతాం. తెలుగు లిపిలో 'ఛి' అని రాస్తున్నాను గానీ అది దగ్గర మాట మాత్రమే. నాలుకను 'ట' పలికేటప్పటిలా వెనక్కి మడిచి, ఊపిరి గట్టిగా వదలాలి. చివర్లో 'ఈ' అని పెదాలు సాగదీయకూడదు. సాగదీసి 'ఛీ' అన్నావంటే వాళ్లకి 'ఏడు' అనే అంకె వినిపిస్తుంది. ఊపిరి తగ్గితే ఇంకో మాట అయిపోతుంది. మనం రాతలో చ, ఛ వేరుగా రాసినా మాట్లాడేటప్పుడు ఆ తేడా సరిగా పాటించం కదా, అందుకే చెప్తున్నాను. నోటి ముందు పల్చటి కాగితం పట్టుకుని పలుకు, కాగితం కదలాలి. చైనీస్‌లో గొంతు ఎత్తుపల్లాన్ని బట్టి మాట అర్థం మారిపోతుంది, దాన్నే స్వరం అంటాం. దీని స్వరం మొదటిది: ఎత్తులో మొదలుపెట్టి అదే ఎత్తులో ఆపెయ్యాలి. ఇంత నేర్చుకుని వూహాన్‌లో దిగాక అక్కడి పెద్దవాళ్ల యాసలో ఇదే మాట 'ఛీ' లాగే వినిపిస్తుంది. కంగారుపడకు. వాళ్ల మాట అర్థం చేసుకో, నువ్వు మాత్రం ప్రామాణికంగానే పలుకు.

'ఛి ల మా?' అంటే 'తిన్నావా?' అని. మెట్ల మీద ఎదురైన పక్కింటావిడ అడుగుతుంది. మన ఊళ్లో 'భోంచేశారా?' అన్నట్టే అది పలకరింపు, భోజనానికి పిలుపు కాదు. 'ఛి ల, నీ న?' అను. 'తిన్నాను, మరి మీరు?' అని. మధ్యలో వచ్చే ఆ చిన్న 'ల' పని అయిపోయిందని చెప్తుంది.

ఇదే ప్రశ్న ఆస్పత్రిలో జాగ్రత్తగా అడగాలి. ఉదయం పరగడుపున రక్తం తీయాలి అనుకో. 'ఛి ఫాన్ ల మా?' అంటే 'అన్నం తిన్నారా?' అని అడిగినట్టు. ఫాన్ అంటే అన్నం, మొత్తంగా భోజనం కూడా. పాలు, బిస్కెట్లు పుచ్చుకున్న పెద్దాయన 'లేదు' అనే చెప్తాడు, అబద్ధం కాదు. మా నాన్నగారిని అన్నం తిన్నారా అంటే 'లేదమ్మా, టిఫినే చేశాను' అనేవారు, గుర్తుందా? అందుకని 'ఛి దోంగ్‌షీ ల మా?' అని అడుగు. 'ఏమైనా తిన్నారా?' అని. తర్వాత 'హ' అనే క్రియతో ఏమైనా తాగారా అని కూడా విడిగా అడుగు. మనలాగే వాళ్లూ జావ, సూపు తాగుతారు, తినరు.

మాత్రలు మాత్రం తింటారు. 'ఛి యావ్' అంటే మందు వేసుకోవడం. తెలుగులో ఆలోచించి 'వేసుకోవడం' అనే క్రియ కోసం వెతికావంటే దొరకదు. ఫాన్‌ఛియెన్ ఛి అంటే భోజనానికి ముందు, ఫాన్‌హౌ ఛి అంటే తర్వాత. డిశ్చార్జి రోజున ఈ రెండూ కనీసం పదిసార్లు చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్నది. మూడు అక్షరాల మాటలు ఉంటాయి: ముందు 'ఛి', మధ్యలో కాదు అనే 'బు', చివర ఒక అక్షరం. అన్నిటికీ 'తినలేను' అనే రాసుకుంటారు మనవాళ్లు. నేనూ అలాగే రాసుకున్నాను. ఇంటర్న్‌షిప్‌లో ఒక అవ్వ గంజి గిన్నె ముట్టకుండా పక్కన పెట్టి 'ఛి బు షియా' అంది. వాళ్లకి ఆస్పత్రి తిండి నచ్చలేదేమో అనుకుని, ఇంటినుంచి కూర తెమ్మని ఆవిడ మనవరాలికి చెప్పి పక్క మంచానికి వెళ్లిపోయాను. సాయంత్రం రౌండ్‌లో పెద్ద డాక్టరమ్మ అదే మాట విని, స్టూలు లాక్కుని కూర్చుని, ఎన్ని రోజుల నుంచి, వాంతి వస్తోందా, బరువు తగ్గారా అని వరుసగా అడిగింది. 'షియా' అంటే కింద, దిగడం. అవ్వ చెప్పింది 'ముద్ద దిగడం లేదు' అని. మన అమ్మమ్మ ఆఖరి నెలల్లో అచ్చం ఇదే మాట అనేది. తెలుగులో చెప్తే ఉలిక్కిపడేదాన్ని, చైనీస్‌లో చెప్తే దాటేసి వెళ్లిపోయాను. ఆ బాధ నాకింకా పోలేదు. అందుకే వీటిని విడివిడిగా నేర్చుకో:

ఛి బు షియా అంటే ముద్ద దిగదు, ఆకలి లేదు, లేదా కడుపు నిండిపోయింది. ఛి బు ల్యావ్ అంటే ఎక్కువైంది, ఇంత తినలేను. ఛి బు గ్వాన్ అంటే ఈ రుచి నాకు అలవాటు లేదు. ఛి బు దావ్ అంటే ఇక్కడ ఆ తిండి దొరకదు. చివర 'పైకి లేవడం' అనే అక్షరం వస్తే, కొని తినేంత స్తోమత లేదని. ఈ ఆఖరిది రోగి నోట వింటే మందు ఖరీదు గురించి కూడా మెల్లగా అడుగు, అదే వాక్యం మందుకీ వాడతారు. ఛి బు షియావ్ అంటే తిండితో సంబంధమే లేదు, తట్టుకోలేకపోతున్నానని.

తిండి లేని 'తినడాలు' ఇంకా ఉన్నాయి. మనం దెబ్బలు తింటాం, తిట్లు తింటాం, పిల్లలు బుర్ర తింటారు. నీకు ఇవి కష్టం కాదు. చేదు తినడం, 'ఛి ఖు', అంటే కష్టాలు ఓర్చుకోవడం. అక్కడి పెద్దలు పిల్లల్ని మెచ్చుకునే మాట అది. ప్రేమికుల మధ్య వెనిగర్ తినడం అంటే అసూయ. 'ఛి ఖ్వే' నష్టపోవడం, 'ఛి జింగ్' నిర్ఘాంతపోవడం. 'ఛి దౌఫు' సంగతి మాత్రం తప్పకుండా తెలుసుకో. టోఫు తినడం అనే అసలు అర్థం ఉంది, ఆడపిల్లతో అసభ్యంగా ప్రవర్తించడం అనే అర్థమూ ఉంది. ఎవరైనా నవ్వుతూ ఈ మాట వేరేగా వాడితే నీకు అర్థం కావాలి. అక్కడినుంచి లేచి వచ్చెయ్యి, మొహమాటపడకు.

'హావ్‌ఛి' అంటే రుచిగా ఉంది. హావ్‌ని మూడో స్వరంలో, కిందికి దించి పలకాలి. అదే హావ్‌ని నాలుగో స్వరంలో పైనుంచి కొట్టినట్టు పలికితే తిండిపోతు అని అర్థం వస్తుంది. వండిపెట్టిన ఇంటావిడ ముందు ఈ తేడా చూసుకో.

నువ్వు శాకాహారివి కాబట్టి చివరగా ఇది. 'వో ఛి సు' అంటే నేను శాకాహారం తింటాను అని. అది ఒక్కటే చాలదు. మాంసం అనే అర్థమున్న 'రౌ' అంటే అక్కడ మామూలుగా పంది మాంసమే అనుకుంటారు, 'రౌ వద్దు' అన్నా చికెన్ వేయొచ్చు. కూరగాయల వేపుడులో ఖైమా చల్లుతారు, సూపు ఎముకల రసంతో కాస్తారు. అందుకని అన్నీ విడివిడిగా, పేరుపేరునా 'వో బు ఛి' (నేను తినను) అని మొదలుపెట్టి ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకో. అక్షరాలు చిత్తుగా రాసి నాకు వాట్సాప్‌లో పంపు, దిద్ది పంపుతాను. ఆదివారం ఉదయం ఫోన్ చేసి ఛి బు షియా, ఛి బు ల్యావ్, ఛి బు గ్వాన్ మూడూ నాకు పలికి వినిపించు. కాగితం పక్కనే పెట్టుకో.

ప్రేమతో,
పిన్ని