సీటీ టెక్నీషియన్ పెట్-సీటీలో పీజీ చేస్తే కొత్తగా ఏం నేర్చుకుంటారు?
సీటీ అవయవం ఆకారాన్ని చూపిస్తుంది, పెట్ దాని పనితీరును చూపిస్తుంది. రెండూ ఒకే మెషీన్‌లో కాబట్టి మీకు సగం పని వచ్చినట్టే.

కష్టమంతా మిగతా సగంలోనే. పెట్ కోసం ఇంజెక్షన్‌గా ఇచ్చే ఎఫ్‌డీజీ అనే చక్కెర లాంటి మందులో రేడియేషన్ ఇచ్చే ఫ్లోరిన్-18 సుమారు 110 నిమిషాల్లో సగమైపోతుంది. పేషెంట్ ఆలస్యమైతే డోసు లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. రక్తంలో షుగర్ ఎక్కువుంటే చిత్రం మసకబారుతుంది. సీటీలో గట్టిగా ఊపిరి బిగబట్టి, పెట్‌లో మామూలుగా పీలిస్తే కాలేయం పైభాగం దగ్గర రెండు చిత్రాలూ సరిగా కలవవు. నన్నడిగితే, ఆ తేడాను గడ్డ అనుకోకుండా పసిగట్టడమే ఈ చదువులో అసలు విద్య.

రేడియేషన్ భద్రత కూడా వేరే. ఎక్స్‌రే స్విచ్ ఆపితే ఆగిపోతుంది. ఇక్కడ ఇంజెక్షన్ చేశాక పేషెంటే రేడియేషన్ వెదజల్లుతుంటారు!

మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్ లాంటి చోట్ల న్యూక్లియర్ మెడిసిన్ (రేడియేషన్ ఇచ్చే మందులతో చేసే పరీక్షలు, చికిత్స) ఎమ్మెస్సీలో ఇవన్నీ వస్తాయి.