ఎల్క్ వేటకి రాగి తూటాలు కొనాలా, సీసం తూటాలే చాలా?

మీరు అడిగింది ఇది: కొలరాడోలో ఈ అక్టోబర్‌లో మొదటిసారి ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకి వెళ్తున్నారు, చేతిలో .308 రైఫిల్ ఉంది, నిరుడు జింకని కొట్టింది మామూలు సీసం తూటాతోనే. ఇప్పుడు దాదాపు రెట్టింపు డబ్బు పెట్టి రాగి తూటాలు కొనాలా? "రాగి విచ్చుకోదు, సూదిలా దూరి అవతలికి పోతుంది, జంతువు చేతికి దక్కదు" అని మీ స్నేహితుడు అన్నాడట.

కొనండి. నేను అరిజోనాలో పదకొండేళ్ళుగా వేటాడుతున్నాను. అందులో మొదటి నాలుగేళ్ళు సీసమే వాడాను. మా ఫ్రీజర్‌లో మాంసం చూశాక మారాను.

నాలుగో ఏడు ఫ్లాగ్‌స్టాఫ్ వైపు అడవిలో ఒక మ్యూల్ డీర్‌ని కొట్టాను. 120 గజాల దూరం, గురి చక్కగా కుదిరింది, జింక పది అడుగులు కూడా వేయలేదు. గాయం చుట్టూ నలిగిన మాంసం నాలుగు వేళ్ళ మేర కోసి పారేసి, మిగతా భుజమంతా కీమా ఆడించాం. ఒక ఆదివారం మా ఆవిడ దాంతో గోంగూర కీమా వండింది. మా చిన్నదానికి అప్పుడు నాలుగేళ్ళు. ముద్ద నములుతూ నములుతూ ఆగి, నోట్లోంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టింది. మిరియపు గింజలో సగం ఉంటుంది, బూడిద రంగు. ఎముక ముక్కేమో అనుకుని గోరుతో నొక్కాను. గాటు పడింది. ఎముకైతే గాటు పడదు.

మర్నాడు మా పక్కింటి పశువుల డాక్టర్‌గారిని బతిమాలి, ఫ్రీజర్‌లో మిగిలిన తొమ్మిది కీమా ప్యాకెట్లకీ ఆయన క్లినిక్‌లో ఎక్స్‌రే తీయించాను. నాలుగింటిలో తెల్లటి చుక్కలున్నాయి. ఒకదాంట్లో అయితే బొంబాయి రవ్వ చల్లినట్టే ఉంది. అంత సన్నటివి పంటికి తగలవు, కంటికి ఆనవు. అప్పటికి ఎన్ని ప్యాకెట్లు వండుకుని తినేశామో లెక్కేసుకుంటూ ఇంటికొచ్చాను.

మామూలు సీసం తూటా అంటే పైన పలచటి రాగి తొడుగు, లోపల మెత్తటి సీసం. ఒంట్లో దిగగానే తొడుగు చీలి, సీసం ముక్కలై చిమ్ముతుంది. 2008లో మిన్నెసోటా సహజ వనరుల శాఖ వాళ్ళు గొర్రె కళేబరాల మీద కాల్చి చూస్తే, గాయానికి దూరంగా ఉన్న మాంసంలో కూడా ముక్కలు దొరికాయి. అంటే నేను కోసి పారేసిన నాలుగు వేళ్ళు ఏ మూలకీ చాలవు. పైగా సీసం పులుపులో కరుగుతుంది. మనం మాంసానికి పట్టించేదేమో పెరుగు, నిమ్మరసం. కూరలో వేసేదేమో గోంగూర, చింతపండు.

చిన్నదానికి రక్త పరీక్ష చేయించాం. రిజల్ట్ వచ్చేదాకా ఇంట్లో టెన్షన్ ఇంతా అంతా కాదు. అమెరికాలో పిల్లలకి జాగ్రత్త పడాల్సిన హద్దు డెసిలీటర్‌కి 3.5 మైక్రోగ్రాములు. తనకి దానికన్నా తక్కువే వచ్చింది. నార్త్ డకోటాలో 738 మందిని పరీక్షించినప్పుడు కూడా వేట మాంసం తినేవాళ్ళకి, తిననివాళ్ళకి మధ్య తేడా కొద్దిగానే కనిపించింది. కాబట్టి మిమ్మల్ని హడలగొట్టాలని నా ఉద్దేశం కాదు. కానీ పిల్లల ఒంట్లో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదని చెప్పే డాక్టర్ ఉండడు.

ఇక మీ స్నేహితుడి మాట. బార్న్స్ కంపెనీ రాగి తూటాలు మొదట తెచ్చిన 1980ల చివర్లో ఇలాంటి ఫిర్యాదులు ఉండేవి. తర్వాత తూటా చుట్టూ గాడులు పెట్టి టీఎస్ఎక్స్ అనే రకం, ఇంకొన్నాళ్ళకి ముందు ప్లాస్టిక్ మొన పెట్టి టీటీఎస్ఎక్స్ తెచ్చారు. ఇప్పటివి విచ్చుకుంటాయి, కానీ వేగం ఉండాలి. వేగం తగ్గాక తగిలితే మీ స్నేహితుడు చెప్పినట్టే సన్నటి బెజ్జం చేసి పోతుంది. అందుకే, వేగం రావాలంటే తూటా బరువు తగ్గించండి. సీసంలో 180 గ్రెయిన్లు (తూటా బరువుకి వాడే కొలత) వాడేవాళ్ళు రాగిలో 150కో 165కో దిగొచ్చు. రాగి బరువు కోల్పోదు కాబట్టి ఎల్క్‌కి కూడా అది సరిపోతుంది. మీ .308తో 300 గజాలు దాటి కొట్టకండి.

గురి విషయంలో నేను చేసిన పొరపాటు చెప్తాను. రాగితో మొదటి జింకని అలవాటు కొద్దీ భుజం వెనక, పక్కటెముకల మధ్య కొట్టాను. తూటా అటు నుంచి ఇటు దూసుకుపోయింది. జింక జూనిపర్ చెట్లలోకి పరిగెత్తింది. నేల మీద నెత్తురు చుక్క లేదు. గంటసేపు వెతికాను, నా ప్రాణం నా దగ్గర లేదు. దొరికింది 150 గజాల అవతల. ఊపిరితిత్తులు రెండూ చిల్లిపడ్డాయి, అంటే తూటా పని చేసింది, కానీ జింకకి అంత దూరం పోయే సమయం మిగిలింది. అప్పటినుంచి కాస్త ముందుకి, భుజం ఎముక మీదే గురిపెడుతున్నాను. ఎముక విరిగితే అక్కడికక్కడే పడుతుంది. రాగి ఎముకకి చెదిరిపోదు కాబట్టి లోపలికి కూడా దిగుతుంది. రాగికి మారిన మూడో ఏడు ఒక జింకలో అవతలి చర్మం కింద ఆగిపోయిన తూటా దొరికింది. నాలుగు రేకులూ విచ్చుకుని, రేకుల అంచులు వెనక్కి ముడుచుకుని ఉన్నాయి. తూటాల్లో నింపే మందుగుండు తూచే త్రాసులో పెడితే 149 గ్రెయిన్లు. కొన్నప్పుడు 150.

గురి సాధన చేసే రేంజ్‌కి వెళ్ళేముందు బారెల్‌ని రాగి వదిలించే సాల్వెంట్‌తో శుభ్రంగా తోమండి. నేను తోమకుండా వెళ్ళి 100 గజాల్లో తూటాలు మూడు అంగుళాల మేర చెదిరి పడటం చూసి తూటాని తిట్టుకున్నాను. తోమాక, బరువు మార్చాక, అంగుళంలో పడ్డాయి. స్కోప్‌ని తప్పకుండా వేటలో వాడే తూటాతోనే సరిచేసుకోండి. ఖర్చంటారా, ఇరవై తూటాల పెట్టె నాకు 55 డాలర్లు పడింది. దాంట్లో వేటలో ఖర్చయ్యేది ఒకటో రెండో. ఎల్క్ ట్యాగు (వేట అనుమతి), పెట్రోలు ముందు అదో లెక్కా?

నా మొదటి రాగి పెట్టె మాత్రం ఉచితంగా వచ్చింది. కీమాకి ఎక్స్‌రే తీయించిన మరుసటేడు నాకు ఉత్తర అరిజోనాలోని కైబాబ్ అడవిలో ట్యాగు పడింది. కాండోర్లు (పెద్ద రాబందులు) తిరిగే ప్రాంతమని అరిజోనా వేట, మత్స్య శాఖ అక్కడి వేటగాళ్ళకి 2005 నుంచి సీసం లేని తూటాలు ఊరికే ఇవ్వడం మొదలుపెట్టింది. మనం కోసి అక్కడే వదిలేసే పేగులూ ఊపిరితిత్తులూ వాటికి తిండి. దాంట్లో సీసం ఉంటే అవి చస్తాయి. 1982లో ప్రపంచం మొత్తం మీద మిగిలినవి 22 పక్షులు. పోయేదారిలో నవాహో బ్రిడ్జి మీద ఆగితే, కింద ఇనుప దూలం మీద ఒకటి కూర్చుని ఉంది. రెక్కకి నంబరు బిళ్ళ, ఎర్రటి బోడి మెడ. మాది మార్కాపురం పక్క పల్లె. చిన్నప్పుడు గొడ్డు చస్తే ఊరి బయట రాబందులు దిగేవి. పశువులకి వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల్లోంచి వాటి ఒంట్లోకి పోయి, నేను కాలేజీకి వచ్చేసరికి ఒక్కటీ లేకుండా పోయాయి. ఆ దూలం మీద పక్షిని చూస్తూ అదే తలుచుకున్నాను. మీ కొలరాడోలో గద్దలున్నాయి, మనం వదిలేసే పేగులు అవీ తింటాయి. 38 రాష్ట్రాల్లో 1,210 గద్దల్ని పరీక్షించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు సగం వాటి ఎముకల్లో ఏళ్ళ తరబడి చేరిన సీసం బయటపడింది.

నిరుడు కొట్టిన జింక మాంసం ఫ్రీజర్‌లో ఇంకా ఉందని రాశారు. వెనక తొడ ముక్కలు విడిగా కట్టి ఉంటే పెద్దవాళ్ళు వండుకోండి. భుజం కలిపి ఆడించిన కీమా ఉంటే మాత్రం ఎంత మిగిలినా పారేయండి, కుక్కకి కూడా పెట్టకండి. పిల్లలు ఇప్పటికే తిని ఉంటే ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడు సీసం పరీక్ష రాయమని అడగండి. చిన్న పరీక్షే, వేలి మీద గుచ్చి కూడా తీస్తారు.