ఎమ్మెస్సీ మాన్పించి డేటా సైన్స్‌లో చేర్పించమంటారా?

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర పల్లె. అమ్మాయి బీజెడ్‌సీతో (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) డిగ్రీ చేసి, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ మొదటి సంవత్సరంలో చేరింది. హాస్టల్లో ఉంటుంది. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ‘ఇది చదివి ఏం చేస్తాను నాన్నా’ అని ఒకటే దిగులు. ఒకరోజు పీహెచ్‌డీ అంటుంది, మర్నాడు గ్రూప్స్ అంటుంది, ఇంకోరోజు అమెరికా అంటుంది. మా బావమరిది కొడుకు సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడ్డాడు. అతని మాట మీద అమీర్‌పేటలో ఆరు నెలల డేటా సైన్స్ కోర్సుకు 10,000 కట్టాం. మిగతా 65,000 నెలాఖరులోగా కట్టాలి. సంబంధాలు కూడా వస్తున్నాయి. ఎమ్మెస్సీ మాన్పించాలా? రెండింటినీ పోల్చి చెప్పండి. ఏడాది వృథా అయిపోతుందని భయంగా ఉంది. – ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలో బావమరిది కొడుకు ఉన్నాడు, సంబంధాలు ఉన్నాయి, కట్టిన డబ్బుంది. మీ అమ్మాయికి ఏ పేపర్ కష్టంగా ఉందో, ఏ ల్యాబ్ అంటే ఇష్టమో ఒక్క ముక్క లేదు. పోల్చి చెప్పమన్నారు కాబట్టి చెబుతాను. కానీ మీ అసలు భయం ఏడాది గురించి కదా, ముందు దాని సంగతి చూద్దాం.

జనవరి వచ్చిందంటే పీజీ మొదటేడు పిల్లల ఇళ్ల నుంచి ఇలాంటి ఉత్తరాలే వస్తాయి. కారణం పిల్లల్లో కన్నా క్యాలెండర్‌లో ఎక్కువుంది. కౌన్సెలింగ్ విడతలు విడతలుగా సాగి, తరగతులు ఆలస్యంగా మొదలవుతాయి. కొత్త సంవత్సరం వచ్చేసరికి సిలబస్ సగం మిగిలి ఉంటుంది, సెమిస్టర్ పరీక్షలు నెత్తి మీద ఉంటాయి. డిగ్రీలో పక్కన కూర్చున్న స్నేహితురాలు అప్పటికే ఎక్కడో చేరి జీతం తీసుకుంటూ ఉంటుంది. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి గ్రూప్స్ పుస్తకాలు కొంటుంది, ఎదుటి గదిలో సీనియర్ పరిశోధన ఫెలోషిప్, లెక్చరర్ అర్హతల కోసం రాసే నెట్ పరీక్షకు చదువుతుంది. ఇవన్నీ చూస్తూ పిల్ల పైకి అనుకునే మాటలే మీరు విన్నవి. రోజుకో మాట అంటోందని మీరే రాశారు. ఆ మాటల్లో ఏదీ కాకుండా, ఆమె అననే అననిదాన్ని పట్టుకుని మీరు డబ్బు కట్టేశారు. డేటా సైన్స్ అన్నది మీ ఇంట్లో ఎవరో తెలుసా? బావమరిది కొడుకు.

‘ఇది చదివి ఏం చేస్తాను’ అనే మాట వెనక చాలాసార్లు ‘ఇది నాకు అర్థం కావట్లేదు’ అనే మాట ఉంటుంది. తండ్రితో మొదటిది అనడం తేలిక. బీజెడ్‌సీ నుంచి వచ్చిన పిల్లలు తట్టుకునే చోటు కూడా దాదాపు ఒక్కటే. ఫిజికల్ కెమిస్ట్రీలో క్వాంటం, ఇనార్గానిక్‌లో అణువుల సౌష్ఠవాన్ని లెక్కల్లో చెప్పే గ్రూప్ థియరీ. రెండిట్లోనూ మాత్రికలు (మాట్రిక్సులు), అవకలనం (డిఫరెన్షియేషన్), సమాకలనం (ఇంటిగ్రేషన్) వచ్చేసినట్టే అనుకుని పాఠం చెబుతారు. పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం తెరవని పిల్ల నోట్సు రాసుకుంటుంది, హాస్టల్‌కొచ్చి తెరిస్తే ఏమీ తెలియదు. తెలివి తక్కువై కాదు, మధ్యలో రెండు మెట్లు లేవు.

ఆ మెట్లు కట్టడానికి నెల చాలు. ఇంటర్ తెలుగు అకాడమీ గణితం పుస్తకాలు పాతవి కోఠిలో దొరుకుతాయి. 1ఏలో మాత్రికలు, 1బీలో అవకలనం, 2బీలో సమాకలనం, ఈ మూడే. పుస్తకమంతా అక్కర్లేదు. ఒక్కో అధ్యాయంలో సాధించిన ఉదాహరణల్ని చూడకుండా మళ్లీ చేయాలి, రోజుకు ముప్పావు గంట. ఆ తర్వాత క్వాంటంలో మొదట వచ్చే ‘పెట్టెలో కణం’ సమస్య చేస్తే సైను వర్గాన్ని ఎందుకు సమాకలనం చేస్తున్నారో తెలుస్తుంది. గ్రూప్ థియరీలో క్యారెక్టర్ పట్టికల్ని బట్టీ పడితే పరీక్ష హాల్లో కలగాపులగం అవుతాయి. ముందు నీటి అణువును, అమ్మోనియాను కాగితం మీద గీసి సౌష్ఠవ చర్యలు, అంటే ఎలా తిప్పితే, ఎక్కడ అద్దం పెడితే అణువు మళ్లీ అలాగే కనిపిస్తుందో వేలితో చూపించగలగాలి. ఆ రెండూ చేతిలోకి వస్తే మిగతావాటికి దారి దొరుకుతుంది. పరీక్షలకు ఇంకా వారాలున్నాయి కాబట్టి ఇది ఈ సెమిస్టర్‌కే పనికొస్తుంది.

ఇక డేటా సైన్స్. నా అనుమానాలు దాచుకోను. ఆ రంగంలో ఉద్యోగాలు లేవనను. కానీ దాని పునాది ఏమిటో మీకెవరైనా చెప్పారా? మాత్రికలు, అవకలనం, సంభావ్యత (ప్రాబబిలిటీ). లెక్కలకు జడిసి ఒక చోట నుంచి తప్పించుకుంటున్న పిల్లను అంతకన్నా లెక్కలున్న చోటికి డబ్బు కట్టి పంపుతున్నారు మీరు. ఈ కోర్సుల్లో మొదటి మూడు నాలుగు వారాలు హాయిగా సాగుతాయి. పైథాన్‌లో లిస్టులు, లూపులు, రంగురంగుల గ్రాఫులు. అంకెల మధ్య సంబంధాన్ని గీతగా పట్టే రిగ్రెషన్, ఊహ నిజమో కాదో అంకెలతో తేల్చే పరికల్పన పరీక్షల (హైపోథిసిస్ టెస్టింగ్) దగ్గరికి వచ్చాక పునాది లేనివాళ్లు ఆగిపోతారు. అక్కడి నుంచి ట్రైనర్ కోడ్‌ను కాపీ చేయడమే మిగులుతుంది. ఇంటర్వ్యూలో ‘ఈ మోడల్ ఎందుకు వాడావు’ అని అడిగితే నోరు పెగలదు. పైగా ఫ్రెషర్‌కు ముందు దొరికేది ఎక్కువగా డేటా అనలిస్ట్ పని, అంటే డేటాబేస్ నుంచి వివరాలు తీసే ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, నివేదికల గ్రాఫులు గీసే పవర్ బీఐ. దానికీ కంప్యూటర్ సైన్స్ బీటెక్‌లు వరసలో ఉంటారు.

కరపత్రం మీద ‘ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్’ అని ఉంటుంది. మీ అమ్మాయి రెజ్యూమెను నాలుగు కంపెనీలకు పంపినా అసిస్టెన్స్ ఇచ్చినట్టే. రశీదు వెనక రిఫండ్ నిబంధన చదవండి, తరగతులు మొదలయ్యాక పైసా వెనక్కి ఇవ్వమని చాలామంది రాసుకుంటారు. వాయిదాల్లో కట్టొచ్చు అంటే ఆ వాయిదాలు సంస్థకా, ఫైనాన్స్ కంపెనీకా అని అడగండి. ఫైనాన్స్ కంపెనీకైతే అది మీ పేరున అప్పు, కోర్సు మానేసినా కట్టాల్సిందే. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం వేరే ఉంది. కొన్నిచోట్ల రెండేళ్ల దొంగ అనుభవం పెట్టమని సలహా ఇస్తారు. కంపెనీలు చేసే వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతా నంబరు (యూఏఎన్) మీద ఉన్న చరిత్ర చూస్తే ఎక్కడ ఎన్నాళ్లు చేశారో బయటపడుతుంది. చేరాక దొరికితే ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది.

ఇంత చెప్పినా, ఆమెకు అది నిజంగా నచ్చవచ్చు. పైసా ఖర్చు లేకుండా తెలుసుకునే మార్గం వాళ్ల ల్యాబ్‌లోనే ఉంది. పొటాషియం పర్మాంగనేట్ ద్రావణాన్ని ఐదు వేర్వేరు గాఢతల్లో తయారుచేసి, 525 నానోమీటర్ల కాంతిని అది ఎంత పీల్చుకుంటుందో (శోషణ) కొలిచి, గ్రాఫు కాగితం మీద గీత గీయడం కెమిస్ట్రీ వాళ్లకు మామూలు పనే. అవే అంకెల్ని బ్రౌజర్‌లోనే ఉచితంగా కోడ్ రాసుకునే గూగుల్ కోలాబ్‌లో పైథాన్‌తో గీయమనండి. గీత వాలు, అంకెలకు గీత ఎంత బాగా సరిపోయిందో చెప్పే ఆర్ స్క్వేర్ లెక్కించమనండి. ఒక అంకెను కావాలని తప్పుగా వేసి గీత ఎంత కదిలిందో చూడమనండి. మెషీన్ లెర్నింగ్ పుస్తకాల్లో తొలి పాఠంగా వచ్చే లీనియర్ రిగ్రెషన్ ఇదే. ఈ పనిలో పడి రెండు మూడు సాయంత్రాలు తిండి మరిచిపోతే ఆమెకు డేటా మీద ఆసక్తి ఉన్నట్టు. అప్పుడు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో జనవరి విడత కోర్సులు చూడొచ్చు, నమోదు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్షకు 1,000 రూపాయలు. అలా కాకుండా, గాఢత బాగా పెరిగిన చోట గీత ఎందుకు వంగిపోయిందా అని ఆమె తల బద్దలు కొట్టుకుంటే మీ ఇంట్లో కెమిస్ట్ ఉన్నట్టే. రెండూ జరిగితే ఇంకా మంచిది, అణువుల డేటాతో పనిచేసేవాళ్లు ఔషధ పరిశోధనకు కావాలి.

కెమిస్ట్రీ వైపు సంగతి. హైదరాబాద్ చుట్టూ జీడిమెట్ల, బాచుపల్లి, పాశమైలారం, జీనోమ్ వ్యాలీ, అటు అనకాపల్లి జిల్లాలో పరవాడ, అచ్యుతాపురం, అన్నిచోట్లా మందుల కంపెనీలే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి ఇంత దగ్గరగా ఇంత పని ఉన్న ప్రాంతాలు దేశంలో తక్కువ. మొదట్లో జీతం తక్కువే, అది దాచను. మందుల నాణ్యత పరీక్షించే క్యూసీ విభాగంలో ఏ, బీ, సీ షిఫ్టులు ఉంటాయి, కంపెనీ బస్సులో గంటన్నర ప్రయాణం ఉంటుంది. పరీక్షా పద్ధతులు రూపొందించే అనలిటికల్ ఆర్ అండ్ డీ, మందుల అణువులు తయారుచేసే సింథసిస్ ఆర్ అండ్ డీ విభాగాల్లో ఎక్కువగా జనరల్ షిఫ్టే. సింథసిస్‌కు ఆర్గానిక్ చదివినవాళ్లను, అనలిటికల్‌కు ఆ స్పెషలైజేషన్ వాళ్లను చూస్తారు. రెండో ఏడాది స్పెషలైజేషన్ ఎలా ఇస్తారో, మొదటేడు మార్కులు లెక్కలోకి వస్తాయో లేదో డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడే అడిగి తెలుసుకోమనండి. ఫ్రెషర్ ఇంటర్వ్యూల్లో డిగ్రీ పేరు కన్నా, మందులోని పదార్థాలను కాలమ్ అనే గొట్టం గుండా పంపి విడదీసే హెచ్‌పీఎల్‌సీ యంత్రం గురించి ఎక్కువ అడుగుతారు. అది గీసే గ్రాఫులో పీక్‌కు (శిఖరానికి) తోక ఎందుకొస్తుంది అంటే ‘కాలమ్ పాడైంది’ అని ఊరుకోకూడదు. క్షార స్వభావమున్న మందు కాలమ్‌లో మిగిలిన సిలనాల్ సమూహాలకు అంటుకోవడం, కాలమ్ గుండా పారే ద్రవం (మొబైల్ ఫేజ్) పీహెచ్ సరిపడకపోవడం, నమూనా ఎక్కువగా ఎక్కించడం, ఈ మూడూ చెప్పగలిగితే ప్యానెల్ తల ఎత్తి చూస్తుంది.

పీహెచ్‌డీ మాట ఆమె నోట వచ్చిందన్నారు. నెట్ ద్వారా ఇచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటద్దె అదనం. చదువుకుంటూ అప్పు లేకుండా బతకొచ్చు. కానీ ఇష్టం తెలియకుండా అటు పంపకండి. రెండో సెమిస్టర్ అయ్యాక వేసవిలో ఆరు వారాలు ఏదైనా పరిశోధన ల్యాబ్‌లో పనిచేస్తే తెలుస్తుంది. తార్నాకలో కేంద్ర రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, కందిలో ఐఐటీ ఉంది. ఫిబ్రవరి నుంచే ప్రొఫెసర్లకు మెయిల్ రాయాలి. ‘గౌరవనీయులైన సార్’ అని మొదలుపెట్టి ఒకే మెయిల్‌ను నలభై మందికి పంపితే చదవరు. ఒక్కొక్కరిదీ ఒక పేపర్ చదివి, అందులో అర్థమైనదేదో, అర్థం కానిదేదో రెండు వాక్యాలు, ఏ తేదీల్లో రాగలదో ఒక వాక్యం, కింద ఒక పేజీ రెజ్యూమె. పది వరుసలు మించకూడదు. జవాబు రాకపోతే పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తుచేయాలి, అంతే.

అమెరికాకైతే, అక్కడ కెమిస్ట్రీలో పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు మాఫీ ఇచ్చి, టీచింగ్ అసిస్టెంట్‌గా స్టైపెండ్ కూడా ఇస్తారు. ఎంఎస్‌కు ఎక్కువగా సొంత డబ్బే. చాలా దరఖాస్తులు డిసెంబరులో ముగుస్తాయి కాబట్టి ఈ జనవరిలో కంగారు పడేదేం లేదు. గ్రూప్స్‌కు డిగ్రీ ఉంటే చాలు, దానికోసం ఎమ్మెస్సీ ఆపనక్కర్లేదు.

సంబంధాల సంగతి నన్నెందుకు అడిగారో తెలియదు గానీ, పరీక్షల ముందు ఆ ఫోన్లు ఆమెదాకా వెళ్లనివ్వకండి. రోజూ ఫోన్ చేసి ‘ఏం ఆలోచించావు’ అని అడగడం కూడా ఆపండి. రోజూ అడుగుతుంటే రోజూ కొత్త జవాబే వస్తుంది. తిన్నావా అని అడగండి. ఈ రోజు ల్యాబ్‌లో ఏం చేశావని అడగండి, మీకు అర్థం కాకపోయినా వినండి. బావమరిది కొడుకు పేరు కొన్నాళ్లు ఇంట్లో ఎత్తకండి, అతని తప్పేమీ లేకపోయినా.

ఏడాది వృథా అన్నారు. ఆమెకు ఇరవై ఒకటో ఇరవై రెండో ఉంటాయి. రెండో సెమిస్టర్ ఫలితాలు వచ్చాక కూడా వద్దనిపిస్తే అప్పుడు మానేసినా కొంపేమీ మునగదు. ఇప్పుడు సెమిస్టర్ సగంలో మానేస్తే మాత్రం ఒక్క సెమిస్టర్ ఫలితం కూడా చేతిలో ఉండదు. ఒకవేళ మానాల్సి వచ్చినా, ముందు టీసీ, ఒరిజినల్ మెమోలు, ఫీజు రీయింబర్స్‌మెంట్ బాకీ సంగతి కాలేజీలో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఒరిజినల్స్‌ను పట్టి ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. చదువు కొనసాగినన్నాళ్లు హాజరు 75 శాతం తగ్గనివ్వొద్దు, ఉపకారవేతనానికి అది కావాలి.

10,000 సంగతి. రశీదు, ఆ సంస్థవాళ్లతో జరిగిన వాట్సాప్ సంభాషణ దాచిపెట్టుకుని, తరగతులు మొదలు కాకముందే రద్దు చేసుకుంటున్నామని మెయిల్ పెట్టి డబ్బు వెనక్కి అడగండి. ఇవ్వనంటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేయండి. రాకపోయినా సరే, పోయిన పది వేలను కాపాడుకోవడానికి మరో 65,000 మాత్రం కట్టకండి.