టెక్ సందేహాలు: మిలాన్ మెట్రోలో మన బ్యాంకు కార్డు పనిచేస్తుందా?

మా అబ్బాయి మిలాన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. వేసవిలో మేమిద్దరం వెళ్తున్నాం. అక్కడ మెట్రోకి టికెట్ కొనక్కర్లేదు, కార్డు తాకిస్తే చాలంటున్నాడు. మన బ్యాంకు కార్డుతో పనవుతుందా? ఇద్దరికీ ఒక కార్డు సరిపోతుందా? - ఒక పాఠకురాలు, విజయవాడ

మీ అబ్బాయి చెప్పింది నిజమే. మిలాన్ మెట్రో గేట్ల దగ్గర 2018 నుంచే బ్యాంకు కార్డు తాకించి లోపలికి వెళ్లొచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్ రెండూ పనిచేస్తాయి. మీ దగ్గర రూపే కార్డు ఒక్కటే ఉంటే బ్యాంకును అడిగి వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ తీసుకోండి. గేటు దగ్గర యూపీఐ నడవదు.

బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్ తెరవండి. రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన వల్ల కొత్త కార్డులకు విదేశీ వాడకం మొదట ఆపేసే ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. కాంటాక్ట్‌లెస్ మీటను కూడా విడిగా ఆన్ చేయండి. చాలామంది మొదటిది నొక్కి రెండోది మరిచిపోతారు. అలాంటి కార్డును గేటు ఒప్పుకోదు.

ఇక ఇద్దరికీ ఒకటే కార్డు కుదరదు, ఎవరి కార్డు వాళ్లకుండాలి. ఇక్కడే అసలు చిక్కు ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. ఫోన్‌లోనో వాచ్‌లోనో కార్డును జోడిస్తే, భద్రత కోసం దానికి టోకెన్ అనే వేరే నంబరు వస్తుంది. గేటుకు కనిపించేది ఆ నంబరే. అంటే మీ పర్సులోని కార్డు, ఫోన్‌లో ఉన్న అదే కార్డు, గేటు లెక్కలో ఇద్దరు వేర్వేరు మనుషులు. ఫోన్‌తో లోపలికెళ్లి కార్డుతో బయటికొస్తే రెండు ప్రయాణాలూ సగంలోనే ఆగినట్టు నమోదవుతాయి, లెక్క తప్పుతుంది. ఉదయం ఏది తాకించారో రాత్రి దాకా అదే తాకించండి. టికెట్ తనిఖీకి వచ్చినా దాన్నే చూపించాలి.

మెట్రోలో దిగేటప్పుడు కూడా తాకించాలి, ఎందుకంటే ఛార్జీ జోన్లను బట్టి ఉంటుంది. నగరం లోపల 2023 నుంచి 2.20 యూరోలు, 90 నిమిషాలు చెల్లుతుంది. రో ఫియెరా లాంటి స్టేషన్ బయటి జోన్‌లో ఉంది, అక్కడ దిగితే ఎక్కువ పడుతుంది. ట్రామ్, బస్సుల్లో ఎక్కగానే తాకిస్తే సరిపోతుంది. రోజంతా తిరిగినా నగరం లోపల రోజు టికెట్ ధర 7.60 యూరోలు దాటకుండా వ్యవస్థే సర్దుతుంది. ఆ సర్దుబాటు జరిగేది కూడా మీరు ఒకే కార్డు వాడినప్పుడే.

ఒక్క మాట: 1928 నాటి ట్రామ్‌లు ఆ నగరంలో ఇప్పటికీ తిరుగుతున్నాయి. చెక్క బెంచీల మీద కూర్చుని ఒక్కసారైనా ప్రయాణించండి.

మిలాన్‌లోని పొలిటెక్నికో యూనివర్సిటీలో చేరబోతున్నా. రోజూ సైకిల్ మీద తిరగాలని ఉంది. ఇండియా సిమ్ ఉంచుకోవాలా? - ఒక విద్యార్థి, వరంగల్

తప్పకుండా ఉంచుకో. అద్దె సైకిళ్ల యాప్‌లో కార్డు జోడించేటప్పుడు బ్యాంకు ఓటీపీ పంపితే అది నీ ఇండియా నంబరుకే వస్తుంది. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ తెరిపించుకుని డేటా రోమింగ్ మాత్రం ఆపేయ్. ఇంటర్నెట్‌కు ఇటలీ ఈసిమ్ (ఫోన్‌లోనే నమోదయ్యే సిమ్) వేసుకో.

మిలాన్‌లో 2008లో మొదలైన బైక్‌మీ అద్దె సైకిళ్లకు స్టాండ్లుంటాయి. సైకిల్‌ను స్టాండులోకి నెట్టి వెళ్లిపోవద్దు. తాళం పడిందని యాప్‌లో ప్రయాణం ముగిసినట్టు కనిపించేదాకా అక్కడే నిలబడు, లేకపోతే మీటరు తిరుగుతూనే ఉంటుంది. స్టాండు లేని సైకిళ్లయితే యాప్‌లోని మ్యాపు అనుమతించిన చోటే ఆపాలి.

ట్రామ్ పట్టాలతో చాలా జాగ్రత్త. చక్రం ఆ సందులో ఇరుక్కుంటే పడిపోతావు, వానలో మరీ ప్రమాదం. పట్టాలను అడ్డంగా, తిన్నగానే దాటు. దారి చెప్పే గొంతును ఒక చెవిలో విను, ఫోన్ జేబులోనే ఉంచు. గూగుల్ మ్యాప్స్‌ను ఆఫ్‌లైన్‌లో దించుకున్నా అందులో సైకిల్ దారులు, బస్సు, మెట్రో వివరాలు రావు. నెట్ ఉండాల్సిందే.

మిలాన్‌లో ఉబర్ ఎందుకంత ఖరీదు? - ఒక పాఠకుడు, హైదరాబాద్

సొంత కార్లతో చవగ్గా నడిపే ఉబర్‌పాప్‌ను 2015లో మిలాన్ కోర్టే ఆపేసింది. ఇప్పుడు యాప్‌లో కనిపించేవి లైసెన్సున్న ఖరీదైన కార్లు, లేదా మామూలు తెల్ల టాక్సీలు. ఆ టాక్సీలే కావాలంటే ఫ్రీనౌ, ఇట్‌టాక్సీ యాప్‌లున్నాయి. పిలిపించిన టాక్సీ ఎక్కేసరికే మీటరులో కొన్ని యూరోలుంటే మోసమనుకోకండి, అది మీ దగ్గరికి బయల్దేరినప్పుడే మీటరు మొదలవుతుంది. దగ్గర్లో స్టాండు ఉంటే అక్కడికే నడిచి వెళ్లండి, ఆ డబ్బు మిగులుతుంది. మల్పెన్సా విమానాశ్రయం నుంచి నగరానికి నిర్ణీత ధర ఉంది, కారెక్కే ముందే 'తరిఫ్ఫా ఫిస్సా' అని అడగండి.