బైక్ శాడిల్ బ్యాగులు పాడయ్యాయి, కుట్టించుకోవాలా కొత్తవి కొనుక్కోవాలా?

మీరు చెప్పినదాన్ని బట్టి, సీటు వెనక రెండు పక్కలా వేలాడే ఈ బ్యాగులు కొని అయిదేళ్ళయింది, జిప్పు వేస్తుంటే వెనకాలే విడిపోతోంది, ఒక పట్టీ కుట్లు ఊడాయి, లోపల తెల్లగా పొడి రాలుతోంది. ఇవి మూడూ వేరువేరు జబ్బులు. మొదటి రెండూ తేలిగ్గా బాగవుతాయి, మూడోది బాగవదు కానీ దానితో సర్దుకోవచ్చు, పారెయ్యాలా వద్దా అన్నది గుడ్డ బలాన్ని బట్టి ఉంటుంది. నేను ఒక జత పారేశాను, ఇప్పుడు వాడుతున్న జతకి ఏడేళ్ళు, రెండుసార్లు బాగుచేయించాను, ఆ అనుభవంతో చెప్తున్నాను.

జిప్పు పోయిందని చాలామంది బ్యాగే మార్చేస్తారు, అది చూస్తే నాకు బాధేస్తుంది. చాలాసార్లు పళ్ళు బాగానే ఉంటాయండీ, అరిగేది వాటి మీద నడిచే రన్నర్. రోడ్డు దుమ్ము అందులో చేరి ఆకురాయిలా రుద్దుతూ ఉంటుంది, కొన్నాళ్ళకి రన్నర్ వదులై రెండు వైపుల పళ్ళని గట్టిగా దగ్గరికి నొక్కలేదు, అందుకే ముందు మూసుకుంటూ వెనక విచ్చుకుంటుంది. నేను కూడా కొత్త జిప్పు వేయించుకుందామనే విజయవాడ ఆటోనగర్లో సీట్లు కుట్టే షాపుకి వెళ్ళాను. అక్కడి మేస్త్రి జిప్పు చివర రెండంగుళాల కుట్టు విప్పి, పాత రన్నర్ని లాగి, తిరగేసి దాని వీపు మీద అచ్చుపడిన 8 అంకె నాకు చూపించాడు. డబ్బాలో వెతికి అదే అంకె ఉన్నది ఎక్కించాడు, జర్రున మూసుకుంది, పది నిమిషాల పని. ఆ అంకె జిప్పు సైజు, దాదాపుగా మూసిన పళ్ళ వెడల్పు మిల్లీమీటర్లలో. 8కి 8, 10కి 10 వెయ్యాలి, నైలాన్ తీగ చుట్టలే పళ్ళుగా ఉన్న జిప్పుకి ఆ రకం రన్నరే కావాలి, ఇత్తడి పళ్ళది పనికిరాదు. దారి మధ్యలో అయితే కటింగ్ ప్లయర్‌తో రన్నర్ వెనక అంచుల్ని రెండు పక్కలా కొంచెం కొంచెంగా నొక్కండి, ఇంటికి చేరేదాకా పనిచేస్తుంది. ఎక్కువ నొక్కితే పగిలిపోతుంది, జాగ్రత్త. పళ్ళకి నూనె మాత్రం రాయకండి, దుమ్ము పడుతుంది, కొవ్వొత్తి ముక్క రుద్దితే చాలు.

పట్టీ సంగతి వేరు, ఇక్కడ అశ్రద్ధ వద్దు. జిప్పు పోతే బట్టలు తడుస్తాయి, పట్టీ ఊడితే అది చెయిన్లోకో చక్రంలోకో పోతుంది, అప్పుడు బండి ఒక్కసారిగా పట్టేస్తుంది. కాబట్టి ఇంట్లో సూదీ దారంతో కానివ్వకండి. మామూలు నూలు దారం ఎండకీ వానకీ త్వరగా చీకిపోతుంది. చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి వెళ్ళి నైలాన్ దారానికి మైనం పట్టించి ఆరెతో కుట్టమనండి, చుట్టూ చతురస్రం, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు, అలా కుడితేనే లాగుడు ఒక్క వరస మీద పడకుండా ఉంటుంది. లోపలివైపు మందపాటి రెక్సిన్ ముక్క వేయించడం మర్చిపోవద్దు, చాలాసార్లు తెగేది పట్టీ కాదు, దాన్ని పట్టుకున్న బ్యాగు గుడ్డ.

ఇక ఆ తెల్ల పొడి. గుడ్డ లోపలివైపు నీళ్ళు దిగకుండా పూసిన పాలీయూరిథేన్ పూత అది, తేమకి ముందు జిగటగా మారి, తర్వాత పొలుసులుగా రాలిపోతుంది. వానలో తడిసిన బ్యాగుని మడిచి అటక మీద పెడితే ఇంకా తొందరగా పోతుంది. ఒకసారి పోయాక స్ప్రేలతో దాన్ని తిరిగి తెప్పించలేం, నేను అవి కొట్టి డబ్బు దండగ చేసుకున్నాను. పైగా కుట్టిన ప్రతి చోటా సూది రంధ్రమే, అక్కడా నీళ్ళు దిగుతాయి. అయినా దీనికోసం పారెయ్యక్కర్లేదు, లోపల నీళ్ళు దిగని డ్రై బ్యాగ్, అదే మూతి మూడు మడతలు చుట్టి కట్టే సంచీ, ఒకటి వేసుకోండి, లేదా బాగా మందంగా ఉన్న పాలిథిన్ కవరైనా సరే. నేను మూడు వానాకాలాలు అలాగే తిరిగాను.

పారెయ్యాల్సింది ఎప్పుడంటే, గుడ్డే చచ్చిపోయినప్పుడు. ఎండ ఎక్కువ తగిలే పైభాగం రంగు వెలిసి ఉంటుంది కదా, అక్కడ రెండు చేతుల్తో పట్టుకుని గట్టిగా లాగండి. పటపటమంటూ పోగులు విడిపోతే ఇక దాని మీద రూపాయి కూడా పెట్టకండి, ఈరోజు కుట్టిన చోటు పక్కనే రేపు చినుగుతుంది. నా పాత జత అలాగే పోయింది.

అడుగు కూడా చూడండి. ఒక ఆగస్టులో మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగుతుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, ముందు వెళ్తున్న లారీ బ్రేకులనుకున్నాను. ఆగి చూస్తే కుడివైపు బ్యాగు జారి సైలెన్సర్ మీద కూర్చుంది, అడుగున అరచేయంత చిల్లు, లోపల రెయిన్‌కోటు కరిగి ముద్దయింది. పెట్రోలు బాటిలో, పవర్ బ్యాంకో అక్కడ పెట్టుకుని ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటేనే భయం. తిరిగొచ్చాక బండికి ఇనుప శాడిల్ స్టే, అంటే బ్యాగు సైలెన్సర్‌కీ చక్రానికీ తగలకుండా ఆపే కమ్మీల చట్రం, బిగించాకే చిల్లుకి మాసిక వేయించాను. ఎడమవైపు చీర గార్డు ఉంటే దాన్ని తీయకండి, స్టైల్ కోసం కొంతమంది పీకేస్తున్నారు. వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా కప్పి ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, బ్యాగు లోపలికి ఒరిగిపోకుండా ఆపేది కూడా అదే.

కొత్తవే కొంటానంటే డీనియర్ అంకె చూడండి, 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో అది. అంకె పెరిగితే పోగు లావు, కానీ 1000 ఉందని మురిసిపోకుండా పట్టీలు కుట్టిన చోటు తిరగేసి చూడండి. బరువు రెండు వైపులా సమానంగా పెట్టుకోవాలి, కంపెనీ ట్యాగ్ మీద రాసిన కిలోలు దాటొద్దు. రోజూ ఆఫీసుకి ల్యాప్‌టాప్ తీసుకెళ్ళేవాళ్ళయితే సీటు వెనక బిగించి తాళం వేసుకునే టాప్ బాక్సే మేలు, దాని నట్లు అదురుకి వదులవుతుంటాయి, నెలకోసారి బిగించుకోవాలి.

మీరు ముందు ఆ లాగి చూసే పరీక్ష చేసి, కుడి బ్యాగు అడుగున కాలిన మచ్చ ఏమైనా ఉందేమో, మీ బండికి స్టే ఉందో లేదో ఇక్కడే రాయండి. రన్నర్ వీపు మీద ఏ అంకె ఉందో కూడా చెప్పండి.