షోరూంలో నిలిచిన బండి కొనాలా, ఈ ఏటి బండి కొనాలా: మేనల్లుడికి లేఖ

హనుమకొండ,
2026 ఫిబ్రవరి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మేడారం జాతర ముగిసి ములుగు రోడ్డు ఖాళీ అయిన తర్వాత గానీ నీవు పంపిన రెండు మోటారు సైకిల్ కొటేషన్లను తీరికగా చూడలేకపోయాను. ఒకటి గత ఏడాది మే నెలలో తయారై ఇప్పటికీ షోరూంలోనే నిలిచి ఉన్న బండిది. రెండవది ఈ జనవరిలో తయారైన బండిది. ఇంజను, ఫ్రేము, సస్పెన్షను అన్నీ ఒకటేనని, పాత స్టాకుకు ఇరవై ఒక్క వేల నాలుగు వందలు తగ్గిస్తున్నారని, అంత మిగులుతున్నప్పుడు పాతది తీసుకుంటే తప్పేమిటని అడిగావు. తప్పేమీ లేదు. అయితే ఆ డబ్బంతా నిజంగా షోరూం వారు తగ్గిస్తున్నదేనా, అందులో నీకు చివరికి మిగిలేది ఎంత అన్నది కొంచెం లెక్క వేసి చూడవలసిన విషయం.

ముందుగా ఒక మాట. బురద దారుల్లో, గుంతల్లో నడపడానికి చేసిన ఇటువంటి ఎత్తు బండి నీకు అవసరమేనా అని మీ అమ్మ నన్ను రెండుసార్లు అడిగింది. అవసరమే అని చెప్పాను. పశువైద్య సహాయకుడిగా ఇరవై ఆరేళ్లు గోవిందరావుపేట, తాడ్వాయి, ఏటూరునాగారం వైపు తిరిగినవాణ్ణి కనుక నీవు పాఠాలు చెప్పే బడికి పోయే దారి నాకు తెలుసు. 163వ నంబరు జాతీయ రహదారి మీద ఏ బండి అయినా పోతుంది. అది దిగిన తర్వాత వచ్చే చివరి ఎనిమిది కిలోమీటర్లే మనిషిని పరీక్షిస్తాయి. తొలకరి పడగానే రేగడి మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య పిండిలా మెత్తుకొని మామూలు బండి చక్రం తిరగకుండా పట్టేస్తుంది. నా రాజ్‌దూత్ ముందు మడ్‌గార్డును ఎన్నిసార్లు విప్పి భుజాన వేసుకొని నడిచానో లెక్క లేదు. ముందు చక్రం 21 అంగుళాలు ఉండి, మడ్‌గార్డు ఎత్తుగా ఉండే బండి ఆ దారికి విలాసం కాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. కొత్త మోడలు, పాత మోడలు అని అందరూ ఒకే మాట వాడతారు గానీ అందులో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. మొదటిది, బండే మారిపోవడం. హీరో కంపెనీ బండ్లు ఎక్స్‌పల్స్ 200 4వీని, 2025 జనవరిలో విడుదలైన ఎక్స్‌పల్స్ 210ని పక్కపక్కన పెట్టి చూడు. మొదటిదానిలో గాలితో, ఆయిల్‌తో చల్లబడే ఇంజను, ఐదు గేర్లు, సుమారు 19 పీఎస్ శక్తి. రెండవదానిలో కూలెంట్‌తో చల్లబడే ఇంజను, ఆరు గేర్లు, 24న్నర పీఎస్‌కు పైగా శక్తి. ముందు సస్పెన్షను కదలిక 190 మిల్లీమీటర్ల నుంచి 210కి, వెనుకది 170 నుంచి 205కి పెరిగింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి హిమాలయన్ విషయంలో మార్పు ఇంకా పెద్దది: 2016లో వచ్చిన 411 సీసీ బండికీ, 2023 నవంబరులో వచ్చిన 452 సీసీ బండికీ పేరు తప్ప పెద్దగా పోలిక లేదు. ఇటువంటి మార్పు ఉన్నచోట తగ్గింపు ఎంత అని అడగడం కంటే, ఆ మార్పు నా దారికి పనికొస్తుందా అని అడగడం ముఖ్యం. శక్తి పెరిగితే హైవే మీద హాయిగా ఉంటుంది కానీ బురదలో దానితో పెద్దగా పని లేదు. వెనుక సస్పెన్షను 35 మిల్లీమీటర్లు ఎక్కువ కదలడం మాత్రం గుంతల దారిలో రోజూ నీ నడుముకే తెలుస్తుంది. బరువు కూడా చూడాలి. పడిన బండిని బురదలో ఒంటరిగా లేపవలసి వచ్చినప్పుడు ఏడెనిమిది కిలోల తేడా కూడా చిన్నదేమీ కాదు.

రెండవ సంగతి, బండి మారకుండా సంవత్సరం మాత్రమే మారడం. నీ ముందున్నది ఇదే. ఇక్కడ నీవు కొంటున్నది ఇనుమును కాదు, ఆర్‌సీ మీద అచ్చయ్యే తయారీ నెలను, సంవత్సరాన్ని. బండి ఎప్పుడు రిజిస్టరు అయినా ఆ తయారీ తేదీ మాత్రం మారదు. రేపు అమ్మబోయినప్పుడు బేరగాడు మొదట చూసేది దాన్నే. నీవు 2026లో కొన్నానని ఎంత చెప్పినా, అతడు 2025 బండి అనే ధర కడతాడు.

దానికి ఒక ముతక కొలత చెబుతాను. ఇన్సూరెన్సులో బండి విలువ కట్టడానికి ఒక తరుగు పట్టిక ఉంది. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం చొప్పున విలువ తగ్గిస్తారు. బయట అమ్మకం ధర అచ్చంగా ఇలాగే ఉండదు కానీ ఒక ఏడాది వయసు ఎంత ఖరీదో దీనివల్ల అర్థమవుతుంది. బదిలీ వస్తే నాలుగేళ్లలో బండి అమ్మేస్తానని నీవే అన్నావు. కొత్త బండికి అప్పటికి నాలుగేళ్లు నిండవు, మే నెల బండికి నాలుగేళ్లు దాటిపోతాయి. అంటే ఒకదానికి 40 శాతం, మరొకదానికి 50 శాతం తరుగు; తేడా ధరలో పదో వంతు. లక్షా డెబ్బై వేల బండి మీద పదిహేడు వేలు. అదే నీవు పదేళ్లు నడిపి చివరికి తుక్కుకు వేసేవాడివైతే ఈ లెక్కంతా పక్కన పెట్టవచ్చు. అప్పుడు ఏ నెలలో తయారైనా ఒకటే.

ఇప్పుడు ఆ ఇరవై ఒక్క వేల నాలుగు వందల సంగతి. కొటేషన్‌లో పాత ధర 1,84,400 అని రాసి, దాని మీద గీత కొట్టి, 1,63,000 అని వేశారు. ఆ పాత ధర నిరుడు సెప్టెంబరు 22కు ముందరిది. ఆ రోజు నుంచి 350 సీసీ వరకు ఉన్న మోటారు సైకిళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బండి ఎప్పుడు తయారైనా, బిల్లు వేసిన రోజున ఉన్న పన్నే పడుతుంది. 1,84,400ను 128తో భాగించి 118తో గుణించి చూడు: 1,69,994 వస్తుంది. కొత్త బండి ధర లక్షా డెబ్బై వేలు కావడానికి కారణం ఇదే. అంటే వారు చూపిస్తున్న తగ్గింపులో పద్నాలుగు వేల నాలుగు వందలు ప్రభుత్వం తగ్గించినవి. షోరూం తన చేతి నుంచి ఇస్తున్నది ఏడు వేలే. వారు అబద్ధం రాశారని నేను అనను, లెక్కను అలా పేర్చారు, అంతే. అన్నట్టు, 350 సీసీ దాటిన బండ్లకు అదే రోజున పన్ను 40 శాతానికి పెరిగింది కనుక నీ స్నేహితుడు చూస్తున్న పెద్ద బండికి ఈ లెక్క తలకిందులవుతుంది. అతనికి పాత ధరల పట్టిక చూపించి ఆశ పెట్టవద్దు.

తయారీ తేదీని మాట మీద నమ్మవద్దు. ఛాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. చాలా కంపెనీల బండ్లలో పదవ స్థానంలో ఉన్న అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025, టి అంటే 2026. అది గందరగోళంగా అనిపిస్తే బండి నిబంధనలకు సరిపోతుందని కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం, ఫారం 22ను చూపించమను. ఛాసిస్ మీద చెక్కిన నంబరూ, ఆ కాగితం మీది నంబరూ ఒకటేనా అని నీ కళ్లతో చూడు. మే నెల అని చెప్పినది అంతకు ముందరి ఏడాదిదైతే ఇక బేరమే వద్దు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఆ బండి తొమ్మిది నెలలు ఎలా నిలిచింది అన్నది. నడిచే బండి కంటే నిలిచిన బండికే జబ్బులు ఎక్కువ. పూర్వం నేను ఇలాగే ఒక నిలిచిన బండిని, ధర తగ్గించారని సంబరపడి కొన్నాను. వాన కురిసే రేకుల గోదాములో దాన్ని ఉంచారన్న సంగతి నాకు తర్వాత తెలిసింది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాల మీద సన్నటి తుప్పు చుక్కలు ఉండేవి; చూశాను గానీ గుడ్డతో తుడిస్తే పోతాయనుకున్నాను. నెల తిరగకుండానే ఆ చుక్కలు గొట్టంలోని ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు సీళ్లను కోసేసి, ఫోర్కు ఆయిల్ కారి బ్రేకు మీద పడింది. పస్రా దగ్గర బ్రేకు పట్టక ఎద్దుల బండిని వెనుక నుంచి తాకి ఆగాను. సీళ్లు రెండుసార్లు మార్చినా లాభం లేకపోయింది, చివరికి గొట్టాలే మార్చవలసి వచ్చింది. తగ్గించిన డబ్బు అక్కడే పోయింది.

కాబట్టి నీవు మొదట ముందు చక్రం దగ్గర కూర్చో. ఫోర్కు గొట్టం మీద గోరు పెట్టి పైనుంచి కిందికి గీయి. ఎక్కడైనా గరుకు తగిలితే లేచి వచ్చేయి. ఇటువంటి బండ్లలో గొట్టం పొడవు ఎక్కువ, కదలిక ఎక్కువ కనుక చిన్న మచ్చ కూడా సీలును వందలసార్లు రాస్తుంది. తర్వాత చక్రం చువ్వలను, వాటి కొసల్లో బిగించే చిన్న మరలను, చైనును తుప్పు కోసం చూడు. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 1825 అని ఉంటే 2025వ సంవత్సరం పద్దెనిమిదవ వారంలో తయారైందని అర్థం. బండి ఒకే చోట గాలి తగ్గి నిలిచి ఉంటే టైరు ఒక పక్క చదునుగా మారుతుంది. సెంటర్ స్టాండు లేని బండ్లకు ఇది తొందరగా వస్తుంది, చక్రం పైకెత్తి తిప్పి చూస్తే కనిపిస్తుంది. బ్యాటరీని మీటరుతో కొలవమను. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది, 12.4 కంటే తక్కువ ఉంటే ఛార్జి చేసి ఇస్తామంటారు, కానీ పలుమార్లు పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ ఛార్జి పెట్టినా ఎక్కువ కాలం నిలవదు, కొత్తది వేయించుకోవడమే మేలు. ట్యాంకు మూత తీసి వాసన చూడు. నెలల తరబడి నిలిచిన పెట్రోలు వార్నిషు వాసన కొడుతుంది, దాన్ని తీసేసి కొత్తది పోయించాలి. సీటు విప్పించి వైర్లు చూడు, ఎలుకలు కొరికి ఉండవచ్చు. గోదాములో నిలిచిన బండికి ఇది మనవైపు మామూలు సంగతే.

మీటరు మీద కిలోమీటర్లు చూడటం మరిచిపోవద్దు. రెండు అంకెలు దాటితే అది టెస్టు రైడ్లకు తిరిగిన బండి కావచ్చు. వచ్చినవారందరూ చల్లటి ఇంజనునే లాగి ఉంటారు. అటువంటి దానికి ఎంత తగ్గించినా నేను ఒప్పుకోను. వారంటీ బిల్లు తేదీ నుంచి మొదలవుతుందా, తయారీ తేదీ నుంచా అన్నది కాగితం మీద రాయించుకో.

బేరం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. హెల్మెట్ ఉచితం అంటే మెచ్చుకోవద్దు; ఐఎస్ఐ గుర్తు ఉన్న హెల్మెట్‌ను బండితో పాటు ఇవ్వాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. హ్యాండ్లింగు ఛార్జీలు అని వేస్తే ఎందుకని అడుగు. ఇన్సూరెన్సు వారి దగ్గరే తీసుకోవాలన్న నియమం లేదు. కాకపోతే కొత్త బండికి థర్డ్ పార్టీ బీమా ఐదేళ్లకు ఒకేసారి కట్టాలి, 2018 సెప్టెంబరు నుంచి అది తప్పనిసరి.

మీ హెడ్మాస్టరు గారి కొడుకు సగం ధరకు ఇస్తానన్న నాలుగేళ్ల పాత బండి గురించి కూడా రాశావు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్లలో పైపులు, రబ్బరు సీళ్లు 20 శాతం ఇథనాలు కలిసిన పెట్రోలును తట్టుకునేలా చేసినవి అయి ఉండకపోవచ్చు, ఇప్పుడు బంకుల్లో దొరికేది ఆ పెట్రోలే. పైగా బురదలో తిరిగిన బండి లోపలి సంగతి పైకి కడిగితే తెలియదు. దాన్ని వదిలెయ్యి. రాబోయే పూర్తి కొత్త మోడలు కోసం ఆగుదామన్న ఆలోచన కూడా నాకు నచ్చలేదు. కొత్త ఇంజను వచ్చిన మొదటి ఏడాది దాని లోపాలు కొన్నవారి ఖర్చు మీదే బయటపడతాయి, విడిభాగం హైదరాబాదు నుంచి వచ్చేదాకా బండి షెడ్డులో ఉంటుంది, నీవు బస్సులో బడికి పోతావు.

నా అభిప్రాయం ఇది. మే నెల బండి పైన చెప్పిన పరీక్షలన్నిటికీ నిలిచి, కొత్త బ్యాటరీ వేసి, ఏడు వేలకు బదులు పన్నెండు వేల వరకు తగ్గిస్తే తీసుకో. పదిహేడు వేలు వారు ఇవ్వరు, వారి లాభంలో అంత చోటు ఉండదు. అయినా ఆ పదిహేడూ ముతక లెక్కే కనుక పన్నెండు న్యాయమే. పది వేల దగ్గర ఆగిపోతే, లేదా ఫోర్కు మీద ఒక్క చుక్క కనిపించినా, మారు మాట్లాడకుండా జనవరి బండికి అడ్వాన్సు ఇవ్వు. మార్చి నెలాఖరుకు లెక్కలు ముగించుకోవాలి కనుక అప్పటికి వారే ఫోను చేసి ఇంకొంత దిగవచ్చు, కానీ నీకు బండి బడి వార్షిక పరీక్షలకు ముందే కావాలి కదా, అంతవరకు ఆగమని నేను చెప్పను.

ఈ ఆదివారం నక్కలగుట్ట దగ్గర పదింటికి కలుద్దాం. టార్చిలైటు, వోల్టు మీటరు నేను తెస్తాను. నీవు మాత్రం అంతకు ముందే ఛాసిస్ నంబరుకూ, రెండు టైర్ల మీది అంకెలకూ ఫోటోలు తీసి పంపు. అవి సరిగా లేకపోతే నేను బస్సు ఎక్కనవసరం లేదు.

ఇట్లు,
నీ మేనమామ